వైన్ షాపులో వైన్ ఎంత? బెజవాడ అరల మీదికి ఏ ఊరి సీసా ఎందుకొస్తుంది

క్లుప్తంగా

విజయవాడ, గుంటూరు మద్యం దుకాణాల్లో అసలైన ద్రాక్ష వైన్‌కు దక్కేది ఒక మూల అర మాత్రమే. ఆ అరలోకి ఏ ప్రాంతపు సీసా రావాలో కొనేవారి నాలుక కంటే ముందే లేబుల్ రిజిస్ట్రేషన్, సుంకాలు, సరుకు తిరిగే వేగం తేల్చేస్తాయి. వచ్చిన సీసా ఏ స్థితిలో ఉంటుందన్నది కోస్తా ఎండ మీద ఆధారపడుతుంది. లేబుల్ మీద ఊరి పేరు ఎంత చిన్న ప్రాంతాన్ని సూచిస్తే ఆ పేరు ఇచ్చే హామీ అంత గట్టిది. 'రిజర్వ్', 'పోర్ట్' వంటి మాటలకు అన్ని దేశాల్లోనూ ఒకే అర్థం లేదు.

బోర్డు మీద వైన్స్, అరల్లో బ్రాందీ

తెలుగునాట వైన్ షాపు అంటే మద్యం దుకాణం. పాత తరం దాన్నే బ్రాందీ షాపు అనేది. ముందు ఒక దేవుడి పేరో ఇంటి పెద్ద పేరో, వెనుక 'వైన్స్' అన్న మాట పెట్టి బోర్డు రాయించడం దశాబ్దాల అలవాటు. లోపల అమ్ముడయ్యేవి బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. పటమటలోనో బ్రాడీపేటలోనో ఒక దుకాణం ముందు పావుగంట నిలబడితే సంగతి తెలిసిపోతుంది. గ్రిల్లు సందులోంచి డబ్బు లోపలికి వెళుతుంది, క్వార్టర్ బయటికి వస్తుంది. అడిగే పద్ధతి కూడా అలాంటిదే: బ్రాండు పేరు, సైజు, రెండే మాటలు. ఆ రద్దీలో వైన్ అడిగేవారు అరుదు. అడిగినా 'రెడ్డా, వైటా' అన్న ఒక్క ప్రశ్నతో బేరం ముగుస్తుంది.

ఈ రెండు రకాల సరుకుల తయారీలోనే తేడా ఉంది. ద్రాక్ష రసాన్ని పులియనిచ్చి, అందులోని చక్కెర ఆల్కహాలుగా మారాక వడగట్టి సీసాలో పోస్తే అది వైన్. ఆల్కహాలు సాధారణంగా 12 నుంచి 14 శాతం ఉంటుంది. బ్రాందీ, విస్కీ, రమ్ము కాచి దించినవి. మన దగ్గర దొరికే దేశీయ బ్రాండ్లలో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్, బలం 42.8 శాతం. ఈ స్పిరిట్ ఏ ఊళ్లో కాచినా రుచిలో పెద్ద మార్పు రాదు. అందుకే బ్రాందీ కొనేవారు అది ఏ ప్రాంతానిదని అడగరు. వైన్ అలా కాదు, అది పంట. ఏ నేలలో, ఏ ఎత్తున, ఏ ఏడాది వాతావరణంలో కాసిందో అదే దాని రుచి. దాని గుర్తింపు మిర్చి, మామిడి తరహాలో ఊరి పేరు మీద నడుస్తుంది.

2024 అక్టోబరులో రాష్ట్రంలో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాక పాత బ్రాండ్లు తిరిగి వచ్చాయి. దాంతో పాటే ఒక ప్రశ్న కూడా వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు దుకాణాల్లో వైన్ వరసలు వరసలుగా కనిపిస్తుంటే బెజవాడలో నాలుగైదు పేర్లే ఎందుకు తిరుగుతున్నాయి? దానికి జవాబు రుచిలో వెతికితే దొరకదు, సరఫరా దారిలో ఉంది.

డిపో అనే గుమ్మం

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. తయారీ, రవాణా, అమ్మకం 8వ అంశం కింద, ఎక్సైజ్ సుంకం 51వ అంశం కింద రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు. కాబట్టి నాసిక్‌లో తయారైన సీసా మహారాష్ట్ర దాటి తెలంగాణలోకి వస్తే అక్కడొక సరుకు, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఇక్కడ మరో సరుకు. పన్ను వేరు, ధర వేరు, అనుమతి వేరు. సబ్బు బిళ్లకు ఉన్న ఉమ్మడి మార్కెట్ సీసాకు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో మొదలైన ఏర్పాటు ఇది. తర్వాత విధానాలు ఎన్నిసార్లు తిరగబడ్డాయో ఈ ప్రాంత ప్రజలకు గుర్తే. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి దారితీసింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. 2019 అక్టోబరు 1 నుంచి చిల్లర దుకాణాలను కూడా ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీసి ప్రైవేటు వ్యక్తులకు రెండేళ్ల లైసెన్సులు ఇచ్చారు. చిల్లర చేతులు ఎన్ని మారినా టోకు గుమ్మం మాత్రం మారలేదు. దుకాణదారు నేరుగా నాసిక్‌కో బెంగళూరు దగ్గరి నంది కొండలకో ఆర్డరు పెట్టలేడు. కార్పొరేషన్ డిపోలో, అంటే దాని టోకు గోదాములో, ఉన్న జాబితాలోంచే ఎంచుకోవాలి.

ఆ జాబితాలో చేరాలంటే తయారీదారు రాష్ట్రంలో తన లేబుల్‌ను రిజిస్టర్ చేయించాలి, దాన్ని ఏటా కొనసాగించాలి. ఇది కంపెనీకి ఒకసారి కట్టి వదిలేసే ఖర్చు కాదు, ఒక్కో లేబుల్‌కు వేరుగా పడుతుంది. పెద్ద బ్రాందీ కంపెనీకి ఒకటి రెండు లేబుళ్లు చాలు, వాటి మీదే లక్షల కేసులు అమ్ముకుంటుంది. వైన్ తయారీదారుకు రెడ్లో మూడు రకాలు, వైట్లో మూడు, ఒక రోజే (లేత గులాబీ రంగు వైన్), ఒక స్పార్క్లింగ్ (నురగ వైన్) ఉంటాయి, ఒక్కోదానికి అమ్మకం వందల కేసుల్లో ఉంటుంది. ఎనిమిది లేబుళ్లకు రుసుము కట్టి అంత తక్కువ సరుకు అమ్మితే గిట్టుబాటు కాదు. అందుకే పెద్ద కంపెనీలు కూడా తమ పట్టికలో బాగా కదిలే రెండు మూడింటినే ఇక్కడికి పంపుతాయి, చిన్న వైనరీలు అసలు రావు. తెలుగువారే స్థాపించిన వైనరీ విషయంలోనూ ఈ లెక్క మారదు. హైదరాబాద్ ఔషధ సంస్థ గ్రాన్యూల్స్ స్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలో హంపి కొండల దగ్గర పెట్టిన కృష్మా తోటల కాబెర్నే సోవిన్యో (ఎర్ర ద్రాక్ష రకం) వైన్‌కు మంచి పేరుంది. ఇలాంటి చిన్న ఉత్పత్తి సీసా పెద్ద నగరాల హోటళ్లు, ప్రత్యేక దుకాణాల వైపు వెళుతుంది. జిల్లా కేంద్రంలోని గ్రిల్లు దుకాణం దాని దారిలో లేదు.

క్వార్టర్ తిరిగే వేగం

లైసెన్సు తీసుకున్నవారి దృష్టిలో అర అంటే అద్దె కడుతున్న చోటు. ఏటా లక్షల్లో లైసెన్సు రుసుము కట్టాలి, డిపోలో సరుకుకు ముందే డబ్బు కట్టాలి. క్వార్టర్ కేసు ఉదయం దింపితే సాయంత్రానికి ఖాళీ అవుతుంది, పెట్టిన డబ్బు మర్నాటికి మళ్లీ చేతిలో ఉంటుంది. అదే సొమ్ముతో ఒక కేసు వైన్ తెస్తే 12 సీసాలు. అవి కదలడానికి వారాలు పట్టవచ్చు, కొన్నిచోట్ల నెలలు. సీసా మీద లాభం శాతం సమానంగానే ఉన్నా, ఏడాదిలో ఆ డబ్బు ఎన్నిసార్లు తిరిగిందన్నదే వ్యాపారం. ఈ విషయంలో దుకాణదారును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

2024 విధానంలో 99 రూపాయలకే క్వార్టర్ అన్న నిర్ణయం ఈ మార్కెట్ ఎటు చూస్తోందో చెబుతుంది. ప్రధాన కొనుగోలుదారు 180 మిల్లీలీటర్ల సీసా కొనే రోజుకూలీ, డ్రైవరు, చిరుద్యోగి. వైన్ ఎక్కువగా వచ్చే సైజు 750 మిల్లీలీటర్లు. మూత తీశాక గాలి తగిలి రెండు మూడు రోజుల్లో రుచి పడిపోతుంది, కాబట్టి కొద్దికొద్దిగా వారమంతా వాడుకునే వీలుండదు. 375 మిల్లీలీటర్ల హాఫ్ ఉంది కానీ అన్ని లేబుళ్లకూ లేదు.

గోదావరి పుట్టినచోటి ద్రాక్ష

అరలో వైన్ అంటూ ఉంటే అది చాలా వరకు నాసిక్ ప్రాంతానిదే. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి మీద నాసిక్‌కు ఎగువన గంగాపూర్ ఆనకట్ట ఉంది. దేశంలో అతిపెద్ద వైన్ సంస్థ సులా తొలి తోటలు ఆ జలాశయం పక్కనే వేసింది. ఆ సంస్థ మొదటి సీసా 2000లో బయటికి వచ్చింది. అదే నది నీరు పట్టిసీమ ఎత్తిపోతలతో పోలవరం కుడికాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. నీరు ఒకటే అయినా నాసిక్‌లో పండే వైన్ ద్రాక్ష కృష్ణా డెల్టాలో పండదు. ఈ తేడాకు కారణాలు తెలిస్తే ప్రపంచంలోని ఏ వైన్ ప్రాంతమైనా అర్థమవుతుంది.

మొదటిది రాత్రి చలి. ద్రాక్ష పగటి ఎండకు చక్కెర కూడబెడుతుంది, రాత్రి వేడిగా ఉంటే పులుపును ఖర్చు చేసేస్తుంది. తీపి ఉండి పులుపు లేని పండుతో చేసిన వైన్ చప్పగా, బరువుగా ఉంటుంది. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు పక్కన నంది కొండల తోటలు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ చలి గట్టిగా ఉంటుంది. విజయవాడ ఎత్తు పాతిక మీటర్లు కూడా లేదు. సంక్రాంతి చలి భోగిమంటల దాకానే, తెల్లారితే ఉక్క మొదలు.

రెండోది తేమ, నేల. సముద్రపు గాలిలోని తేమకు ఆకు మీద, గెల మీద బూజు తెగుళ్లు పడతాయి. డెల్టా ఒండ్రు నేల వరికి వరం, వైన్ ద్రాక్షకు మాత్రం అతి బలం. 'ఏపు ఎక్కువైతే కాపు తక్కువ' అని ఇక్కడి రైతులకు వేరే చెప్పక్కర్లేదు. ఆకు విపరీతంగా పెరిగి కాయకు సారం అందదు. ప్రపంచంలో పేరున్న వైన్ తోటలు చాలావరకు గులకరాళ్లు, సున్నపురాయి, ఎర్రగరప వంటి పేద నేలల్లోనే ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో గరోన్, జిరోండ్ నదుల ఎడమగట్టున గులకరాళ్ల దిబ్బల మీద కాబెర్నే సోవిన్యో బాగా పండుతుంది, దోర్దోన్య నది కుడిగట్టు బంకమట్టిలో మరో ఎర్ర ద్రాక్ష మెర్లో పండుతుంది. ఒకే జిల్లాలో నది దాటితే పంట మారడం మన రైతుకు కొత్త కాదు. నల్లరేగడి పత్తికి, లంక భూములు అరటికి, పసుపుకు అన్న లెక్కే అది.

మూడోది కాలం. ఫ్రాన్స్‌లో ద్రాక్షతీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురించి సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకు వస్తుంది. దక్కన్‌లో తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో కత్తిరింపు కొమ్మ గట్టిపడటానికి. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో కత్తిరింపు కాపు కోసం. జనవరి నుంచి మార్చి లోపు కోత. చలికాలాన్ని పంటకాలంగా మార్చుకున్న ఈ పద్ధతి లేకపోతే భారతదేశంలో వైన్ పరిశ్రమే ఉండేది కాదు. వర్షాకాలంలో తీగను ఆకుకే పరిమితం చేసి, పొడి చలికాలంలో కాయించుకోవడం నిజంగా తెలివైన సేద్యం. దీనికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

అనంతపురం జిల్లాలో ద్రాక్ష తోటలున్నాయి కదా అన్న ప్రశ్న సహజం. అవి తినే ద్రాక్ష. గింజలేని థామ్సన్, పెద్ద గెలల అనాబ్-ఎ-షాహీ బండి మీద అమ్ముకోవడానికి పుట్టినవి. తోలు పలచన, రసం ఎక్కువ. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, గింజ ఉంటుంది. రెడ్ వైన్‌కు రంగు, వగరు తోలు నుంచే వస్తాయి. ఒకదానితో మరొకటి చేయబోతే తినడానికి పెంచిన బంగినపల్లితో ఆవకాయ పెట్టినట్టే.

విధానం తేడా కూడా చిన్నది కాదు. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ద్రాక్ష, వైన్ కోసం ప్రత్యేక విధానాలు తెచ్చాయి. వాటి చూపు తోట రైతు మీద ఉంది, వైన్‌ను పంటకు విలువ పెంచే దారిగా తీసుకున్నాయి. తూర్పు కోస్తాలో ఆ రైతు వర్గం లేదు కాబట్టి వైన్ తరఫున అడిగే గొంతూ లేదు. మిగతా మద్యంతో కలిపి ఒకే దుకాణంలో, ఒకే గ్రిల్లు వెనుక కూర్చోవడానికి అసలు కారణం ఇదే.

పోర్ట్ అన్న పేరు, పల్లెల్లో ఉన్న నమ్మకం

నాసిక్ సీసాల కంటే చవకగా అమ్ముడయ్యే మరో రకం ఉంది. తియ్యటి ఎర్రరసం, లేబుల్ మీద 'పోర్ట్' అని ఉంటుంది. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని దొరో లోయది. ఆ లోయకు 1756లోనే ప్రభుత్వం హద్దులు గీసింది. అక్కడ రసం సగం పులిసేసరికి 77 శాతం బలమున్న ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు. పులియడం ఆగిపోతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. ఆల్కహాలు దాదాపు 20 శాతానికి చేరుతుంది. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటికి దొరోతో సంబంధం లేదు. కర్ణాటకలో విస్తారంగా పండే బెంగళూరు బ్లూ వంటి ద్రాక్షతో చేసిన తియ్యటి వైన్లు ఈ కోవలో ఎక్కువ. తీపి, ధర రెండూ అందుబాటులో ఉండటంతో వైన్ అంటే ఇదే అన్న అభిప్రాయం స్థిరపడింది. వగరుగా ఉండే మామూలు రెడ్ వైన్ తొలిసారి తాగినవారు పాడైందేమోనని అనుమానించడానికి కారణం ఇదే.

ఈ తీపి సీసాల గిరాకీ వెనుక ఒక నమ్మకం కూడా ఉంది. రెడ్ వైన్ తాగితే రక్తం పడుతుందని, ఒంటికి రంగు వస్తుందని, చివరికి గర్భిణులు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందని చెప్పుకునేవారు గుంటూరు, కృష్ణా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. దీన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు. సీసా రంగుకూ రక్తానికీ, బిడ్డ ఒంటి ఛాయకూ ఏ సంబంధమూ లేదు. గర్భంలో ఉన్న బిడ్డకు ఆల్కహాలు హాని చేస్తుంది, దానికి సురక్షిత మోతాదు అంటూ ఏదీ తేలలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. గుండెకు మంచిదన్న పేరు వైన్‌కు ఎంతకాలం నుంచి ఉన్నా, ఏ మోతాదూ ఆరోగ్యానికి పూర్తి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. మందుగా వైన్ కొనడానికి ఆధారం లేదు.

సముద్రం దాటిన సీసాల లెక్క

దిగుమతి వైన్ మీద భారతదేశంలో మొత్తం కస్టమ్స్ భారం 150 శాతం. ఓడరేవులో విలువ 600 రూపాయలున్న సీసా మీద సుంకం 900. అంటే గోదాము దాటకముందే 1,500. ఆపైన దిగుమతిదారు మార్జిన్, రాష్ట్ర సుంకాలు, దుకాణం వాటా. విదేశంలో రోజువారీ భోజనంలోకి కొనే మామూలు సీసా ఇక్కడికొచ్చేసరికి పెళ్లి కానుక ధర పలుకుతుంది. దాన్ని చూసి అది గొప్ప వైన్ అనుకోవడం పొరపాటు. ధరలో పెద్ద భాగం పన్నే.

ఆస్ట్రేలియా సీసాలు కాస్త ఎక్కువగా కనిపించడానికి ఒక ఒప్పందం తోడ్పడుతోంది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ప్రకారం 5 డాలర్లకు పైబడిన సీసా మీద సుంకం 150 నుంచి 100 శాతానికి, 15 డాలర్లకు పైబడిన దాని మీద 75 శాతానికి వెంటనే తగ్గింది. పదేళ్లలో అవి మెట్లు మెట్లుగా 50, 25 శాతాలకు దిగాలి. పై లెక్కలోని 600 రూపాయల సీసాకు మొదటి రోజే 300 తగ్గినట్టు. అయితే 5 డాలర్లలోపు సీసాకు ఈ మినహాయింపు లేదు. చవక దిగుమతులు నాసిక్ రైతును దెబ్బతీయకుండా పెట్టిన గీత అది.

ఇక లేబుల్ మీద ఊరి పేరు. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఆస్ట్రేలియా సీసా మీద 'సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా' అని ఉంటే అదొక ఊరో లోయో అనిపిస్తుంది. ఆ హద్దులోకి న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, టాస్మేనియా రాష్ట్రాలు పూర్తిగా వస్తాయి, క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియాలలో కొన్ని భాగాలు కూడా. గుంటూరు యార్డులో ఒక బస్తా మీద 'దక్షిణ భారత మిర్చి' అని రాస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది? అంతే తెలుస్తుంది ఈ పేరుతో కూడా. అదే సీసా మీద 'బరోసా వ్యాలీ' అని ఉంటే అది గుంటూరు సన్నం అన్నంత స్పష్టమైన మాట. ఆ దేశ చట్టం ప్రకారం ఒక ప్రాంతం పేరు వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. మన గుంటూరు సన్నానికీ, బంగినపల్లి మామిడికీ ఉన్న భౌగోళిక గుర్తింపు వెనుక ఆలోచన ఇదే. 'నాసిక్ వ్యాలీ వైన్'కు కూడా ఆ గుర్తింపు ఉంది.

ఫ్రాన్స్‌లో ఈ గీతలు ఒకదాని లోపల ఒకటి ఉంటాయి. 'బోర్డో' అని మాత్రమే ఉంటే పెద్ద జిల్లా మొత్తంలో ఎక్కడిదైనా కావచ్చు. 'మెడోక్' అంటే ఆ జిల్లాలో ఒక భాగం, 'పొయ్యాక్' అంటే ఒక ఊరు. గీత చిన్నదయ్యే కొద్దీ ధర పెరుగుతుంది, నియమాలు బిగుస్తాయి. పైగా ఫ్రెంచి లేబుల్ మీద ద్రాక్ష రకం పేరు తరచు ఉండదు. ఊరి పేరే రకం చెప్పినట్టు లెక్క. బర్గండీ ప్రాంతపు రెడ్ వైన్ అంటే పినో న్వార్ ద్రాక్షదని కొనేవారికి తెలిసి ఉండాలి. చిలీ, ఆర్జెంటీనా, ఆస్ట్రేలియా, భారత్ లేబుళ్ల మీద రకం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కొత్తవారికి ఇవే సులువు.

'రిజర్వ్' అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చూడాలి. స్పెయిన్‌లోని రియోహాలో రెడ్ వైన్ మీద 'రిజర్వా' అని వేయాలంటే కనీసం మూడేళ్లు నిలవ ఉంచాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో. 'గ్రాన్ రిజర్వా' అంటే అయిదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో. ఆస్ట్రేలియాలో, మన దేశంలో అదే మాట వెనుక ఇంత కచ్చితమైన నిలవ లెక్క లేదు, తయారీదారు తన పట్టికలో మెరుగైనదని చెప్పుకునే పేరు మాత్రమే.

రోహిణి కార్తెలో సీసా

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో మే నెల పగటి వేడి 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. బ్రాందీకి ఆ వేడి పెద్దగా చేసేదేమీ లేదు. 42.8 శాతం ఆల్కహాలులో మారడానికి మిగిలిన పదార్థం తక్కువ. వైన్‌లో పులుపు, వగరు, సువాసన ద్రవ్యాలు అన్నీ కదులుతూనే ఉంటాయి. దాన్ని నిలవ చేయడానికి అనువైనది 12 నుంచి 15 డిగ్రీలు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. దాని ప్రకారం ఫ్యాను మాత్రమే ఉన్న దుకాణంలో ఒక వేసవి గడిపిన సీసా ఏడాదికి పైబడిన ముసలితనాన్ని తెచ్చుకుంటుంది. ఏసీ లేని లారీలో నాసిక్ నుంచి వచ్చిన రోజులు, డిపోలో పడి ఉన్న వారాలు దీనికి అదనం.

అరలోని సీసాను చేతికి తీసుకుంటే ఈ చరిత్ర కొంత చదవవచ్చు. వెలుగుకు పట్టుకుని మెడ దగ్గర చూడాలి. వైన్ బిరడాకు దగ్గరగా కాకుండా బాగా కిందికి దిగి ఉంటే కొంత ఆవిరైందో కారిందో అయ్యుంటుంది. బిరడా సీసా మూతి కంటే కాస్త పైకి లేచి దాన్ని కప్పిన రేకు ఉబ్బితే లోపలి ద్రవం వేడికి వ్యాకోచించినట్టు. రేకు కింద జిగట మరక ఉంటే అనుమానం అక్కర్లేదు, కారింది. వైట్ వైన్ లేత గడ్డిరంగు పోయి తేనె రంగుకు, ఇంకా ముదిరి గోధుమ రంగుకు తిరిగితే అది ముదిరిపోయింది. గాజు తెల్లగా ఉన్న సీసాలు ట్యూబులైటు కింద నెలల తరబడి ఉంటే వెలుతురుకే వాసన చెడుతుంది, రోజే, స్పార్క్లింగ్ సీసాలకు ఈ బెడద ఎక్కువ. మరచుట్టు మూత ఉంటే చవక సరుకు అన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. ఈ వేడికి బిరడా కంటే అదే నయం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తయారీదారులు మంచి వైన్లకు కూడా అదే వాడుతున్నారు.

బిరడా సీసాను పడుకోబెట్టి ఉంచితే తడి తగిలి బిరడా ఎండిపోదు. మన దుకాణాల్లో అన్ని సీసాలూ నిలబడే ఉంటాయి, అర కొలతలు క్వార్టర్లకు సరిపోయేలా చేయించినవి. నెలలోపు అమ్ముడైతే దీనివల్ల నష్టం లేదు, ఏడాది నిలిస్తే ఉంది. కాబట్టి కోస్తా దుకాణంలో పాత సంవత్సరం సీసా గొప్పదేమోనన్న ఆశ పెట్టుకోకూడదు. దేశీయ వైట్, రోజే అయితే సీసాలో నింపిన తేదీ ఏడాది లోపు ఉన్నది, రెడ్ అయితే రెండు మూడేళ్ల లోపుది తీసుకోవడం మేలు. అసలు ఇబ్బంది గ్రిల్లు. సీసా చేతికిచ్చి చదవనిచ్చే ఏర్పాటు లేనిచోట ఈ పరీక్షలు ఏవీ జరగవు. డబ్బు కట్టాక చూసినా లాభం లేదు.

కారం ముందు ఏది నిలుస్తుంది

చాలా హోటళ్ల పట్టికలు కోడి వేపుడు పక్కన బలమైన రెడ్ వైన్‌ను సూచిస్తాయి. గుంటూరు వంటకు అది సరిపడదు. మిరపలోని కాప్సైసిన్ నోట్లో మంటను గుర్తించే నాడులనే తాకుతుంది, ఆల్కహాలు కూడా అదే చోట పనిచేసి మంటను పెంచుతుంది. వగరు తోడైతే నోరు ఇంకా ఎండిపోతుంది. గోంగూర పులుపు, ఎండుమిర్చి ఘాటు ఉన్న భోజనంలోకి 14 శాతం షిరాజ్ రెడ్ వైన్ కంటే, కాస్త తీపి మిగిల్చిన నాసిక్ షెనాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చల్లగా తట్టుకుంటుంది. ఐరోపా మాంసం వంటల కోసం పుట్టిన జతలు ఇక్కడ యథాతథంగా పనిచేయవు.

ఇక ముందు

2024లో ఇచ్చిన చిల్లర లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30 వరకు. కొత్త విధానం ఏదైనా వైన్ అర పెరగడానికి మూడు చోట్ల మార్పు కావాలి. అమ్మకం తక్కువగా ఉన్న లేబుళ్లకు రిజిస్ట్రేషన్ రుసుము తగ్గితే చిన్న వైనరీలు డిపో జాబితాలోకి రాగలవు. లోపలికి వెళ్లి చూసి కొనే దుకాణాలు, చల్లని గది ఉన్నవి, నగరానికి ఒకటి రెండున్నా సీసా నాణ్యత నిలుస్తుంది. కస్టమ్స్ తగ్గింపు ఒక్కటే జరిగితే దాని ఫలితం ముంబై, బెంగళూరుల్లో కనిపిస్తుంది, బందరు రోడ్డు మీద కాదు. కేంద్రం తగ్గించిన సుంకం రాష్ట్ర పన్నుల్లో, రిజిస్ట్రేషన్ రుసుముల్లో కరిగిపోతే ధర అక్కడే ఆగుతుంది.

మద్యం వల్ల కుటుంబాలు చితికిన అనుభవం ఈ నేలకు ఉంది కాబట్టి అమ్మకాలు పెంచే ఏ మార్పు మీదైనా అభ్యంతరాలు వస్తాయి, వాటికి బరువుంది. వైన్‌ను తేలికపాటి మద్యంగా విడదీసి చూడాలన్న వాదన మహారాష్ట్రలో 2022లో సూపర్‌మార్కెట్ అమ్మకాల ప్రతిపాదన దాకా వెళ్లి, నిరసనల మధ్య ఆగిపోయింది. ఇక్కడ అలాంటి ప్రతిపాదన వస్తే ఎదురయ్యే ప్రశ్న అంతకంటే గట్టిగా ఉంటుంది.

అంతవరకు కొనేవారి చేతిలో ఉన్నది తనిఖీ. రాష్ట్ర ఎక్సైజ్ హోలోగ్రామ్ చిరగకుండా ఉందా, సీసాలో నింపిన నెల, ఏడాది ఎంత, ఊరి పేరు లోయదా ఖండంలో సగానిదా, మెడ దగ్గర మట్టం ఎంతవరకు ఉంది. గ్రిల్లు అవతలి మనిషిని సీసా ఒకసారి ఇవ్వమని అడిగితే రద్దీ లేని మధ్యాహ్నపు వేళ చాలా దుకాణాల్లో ఇస్తారు.